ఎడమ భుజం

భుజం కుట్టు వేసేముందు ఆమె చొక్కా ఎడమ వైపును చూపుడువేలితో కాస్త కిందికి లాగుతుంది. యూనిఫారాలు కుట్టే ఆ షెడ్డులో ఆమె చొక్కాలు మాత్రం హ్యాంగర్లకి ఒక పక్కకి ఒరిగి, అలసిపోయిన మనుషుల్లా వేలాడతాయి. కటింగ్ మాస్టరు మొన్న టేపు పెట్టి చూశాడు. ముప్ఫై చొక్కాలకీ అరంగుళం తేడా.

"ఏమ్మా, ఊళ్లో అందరికీ భుజాలు జారిపోయాయా?" అన్నాడు. పక్క మిషన్లవాళ్లు నవ్వారు.

"మా అన్నయ్యకి జారింది, మాస్టారూ. మూటలు మోసి మోసి. ఇరవై ఏళ్లు ఆయన చొక్కాలు నేనే కుట్టాను."

"ఆయన పోయి ఏడాదైందిగా! అన్నీ విప్పి కుట్టు. మళ్లీ ఇలా చేస్తే పనిలోకి రానక్కర్లేదు."

ఆమెకి మొదటి కుట్టుమిషను కొనివ్వడానికే అన్నయ్య ఆ మూటలు మోశాడు. అతను మంచాన పడ్డ ఆరో నెలలో, "ఇక నావల్ల కాదు, ఎక్కడైనా చేర్పించి రండి" అని ఇంట్లో అందరికంటే ముందు అన్నది ఆమే. పక్కగదిలో అతనికి వినిపించింది. పొద్దున్నుంచీ ఆగని దగ్గు ఠక్కున ఆగిపోయింది.

ముప్ఫై చొక్కాలూ విప్పి సమంగా కుట్టింది. మర్నాడు ఆమె కుట్టిన మొదటి చొక్కాకి మాస్టరు టేపు పెట్టాడు. అరంగుళం.