నూనె పూసిన గ్రాఫిక్స్ కార్డు

మరుగైనవాటిని వెలుగులోకి తెచ్చే దేవునికి స్తోత్రం.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నల్లపాడులోని మా సంఘానికి ఒక కంప్యూటర్ ఉండేది. చూపు తగ్గిన పెద్దవాళ్లు పాటల పుస్తకం చదవలేకపోతున్నారని, పాటలను టీవీలో పెద్ద అక్షరాలతో చూపించాలనుకున్నాం. కంప్యూటర్‌లోని బొమ్మను టీవీకి పంపే పాత గ్రాఫిక్స్ కార్డు బ్రాడీపేటలో ఒక మెకానిక్ దగ్గర దొరికింది. మూతపడిన వీడియో స్టూడియోలో వేరే రకం కంప్యూటర్‌లోంచి తీసిన కార్డు అది.

"దీని చిప్‌లో ఉన్న ప్రోగ్రాం చెరిపేసి, మీ కంప్యూటర్‌కి సరిపడేది ఎక్కించాలండి," అన్నాడతను.

చెరిపేదేమిటి, ఎక్కించేదేమిటి? మంచి కార్డు దాచుకుని పాడైనది అంటగడతాడేమోనని నేనూ మా సంఘపెద్దా అతని షాపులోనే కాపలా కూర్చున్నాం. అతను ప్రోగ్రాం ఎక్కించి చూపిస్తే అక్కడ బొమ్మ చక్కగా వచ్చింది. పొట్లం కట్టిస్తే మేమే తెచ్చుకున్నాం. ఆదివారం ఆరాధనకు ముందు అతను వచ్చి బిగిస్తే టీవీ నల్లగానే ఉండిపోయింది.

"పొట్లం కట్టేటప్పుడు మార్చేశావు కదయ్యా?" అని సంఘపెద్ద గద్దించాడు. నాకూ అదే అనుమానం.

మెకానిక్ కార్డు బయటికి లాగి చూశాడు. "ఏవండీ పెద్దాయనా, దీనికి తలంటు పోశారా?"

మా సంఘంలో కొత్తగా వచ్చిన ఏ వస్తువునైనా నూనెతో అభిషేకించి, ప్రార్థించాకే వాడతాం. మెకానిక్ రాకముందే పెద్దాయన పొట్లం విప్పి, కార్డు అంచున కంప్యూటర్‌లోకి దిగే బంగారు రంగు పళ్లన్నిటికీ నూనె పట్టించాడు. మెకానిక్ స్పిరిట్‌తో తుడిచి మళ్లీ బిగించగానే పాట కనబడింది. ముందు వరసలోని అవ్వలు చదువుతూ గొంతెత్తి పాడారు.

"అయినా వాడి మీద ఓ కన్నేసి ఉంచు," అన్నాడు పెద్దాయన నా చెవిలో.

ఎదుటివాడి చేతులు సోదా చేసేముందు మన చేతికంటిన నూనె మనకు చూపించమని నాతో కలిసి ప్రార్థించండి.