వాకిట్లో మంజీర, గుమ్మి దగ్గర లెక్కలు

చిన్నపిల్లకు చదువు చెప్పడం తేలికని నమ్మిన రోజులు నాకూ ఉన్నాయి. నమ్మి ఊరుకుంటే సరిపోయేది, నలుగురిలో అన్నాను కూడా. నైజాం కాలం అది. పట్నంలో ఎనిమిదో జమాత్ దాకా నేను చదివాను. తొమ్మిదో జమాత్ నన్ను దగ్గరికి రానివ్వలేదు. నారాయణఖేడ్ తిరిగొచ్చి మా రేగడి చేన్లు చూసుకుంటున్నాను. ఊళ్లో చదువుకున్నవాళ్లు తక్కువ కాబట్టి నేను చదివింది తక్కువని ఎవరికీ తెలియదు. నిజానికి నాకూ తెలియదు.

మా అమ్మాయికి ఏడేళ్లు దాటాయి. బడికి పంపుతానంటే మా అమ్మ అడ్డం తిరిగింది.

"గింత పెద్ద పిల్లను దీస్కపొయ్యి, ముక్కు చీదరాని పోరగాండ్ల నడుమ ఒకటో జమాత్ల కూసోవెడ్తవా? నలుగురు నవ్వుతరు."

"రెండో జమాత్ల తీస్కుంటె?"

"తీస్కుంటె పంపు, నేనేమన్న. తీస్కోకుంటె మల్ల బడి మాట ఎత్తొద్దు. నాతోని చేనుకొస్తది, ఇంట్ల పని నేర్సుకుంటది."

బడి పెద్ద పంతులు బీదర్ వైపు నుంచి బదిలీ మీద వచ్చిన సాహెబు. వెళ్లి అడిగాను. "వానలు వడంగనే బడి తెరుస్తం. అప్పుడు పిల్లను తీస్కరాండ్రి. నోటితోనే ఇమ్తెహాన్ పెడ్త. పాసైతె రెండో జమాత్," అన్నాడు.

అంటే ఎండాకాలమంతా నా చేతిలో ఉంది. ఆ సాయంత్రం అమ్మాయి నా పక్కన చేరింది. తన ఈడు పిల్లలు పలకలు పట్టుకుని పోతుంటే రెండేళ్లుగా గడపలో నిలబడి చూస్తున్న పిల్ల.

"నాయినా, నువ్వు మంచిగ జెప్తవా?"

"ఏం, అనుమానమా?"

"నాయినమ్మ అన్నది, నీకే రాదని."

పంతులు కావడానికి నాకు వేరే అర్హత అక్కర్లేకపోయింది, పంతం చాలింది.

నన్ను పాడుచేసింది బట్టీ చదువేనని నా గట్టి అభిప్రాయం. అందుకని పలక అటకెక్కించి, ఇంటి పనుల్లోనే అన్ని పాఠాలూ చెప్పాలని నిశ్చయించాను. మొదట అక్షరాలు. వాకిలి అలికించి, దోసెడు జొన్నలు తెచ్చి, గింజలు పేర్చి 'అ' దిద్దించాను, ఆ పక్కన 'ఆ'. చూడముచ్చటగా ఉన్నాయి. మంచినీళ్లు తాగి వచ్చేసరికి మా కోళ్లు 'అ' పూర్తిచేసి 'ఆ' దీర్ఘం మీద ఉన్నాయి. ఆ వేసవిలో మా ఇంట్లో అక్షరాలు మొదట వంటబట్టింది కోళ్లకే.

తరువాత భూగోళం. ముగ్గుపిండితో వాకిలి నిండా మా తాలూకా గీశాను. నడుమ నారాయణఖేడ్, ఒక మూల కంగ్టి, ఇంకో పక్క మనూర్. మంజీర నది కోసం వేలితో కాలువ తీసి బిందెడు నీళ్లు పోశాం. అమ్మాయి కాగితపు పడవ వదిలి చప్పట్లు కొట్టింది. ఎండకు తాళలేని మా బర్రె అదే సమయానికి పలుపు తెంచుకొచ్చి మంజీరలో పొర్లింది. మనూర్ సగం దాని కడుపు కింద, కంగ్టి దాని తోక కింద పోయాయి. భూగోళం చెప్పబోయి గందరగోళం చేశానని మా అమ్మ గడపలోంచే తీర్పు చెప్పింది. బురద వాకిలి మళ్లీ అలకవలసింది ఆమే కాబట్టి నేను అప్పీలు చేసుకోలేదు.

ఆ పైన ప్రకృతి పాఠం. విత్తనంలోంచి మొలక ఎలా వస్తుందో కళ్లారా చూపించాలని పెసలు నానబెట్టి, తడిగుడ్డలో కట్టి, కుండ పక్కన పెట్టాను. అమ్మాయి పొద్దున లేవగానే మూట విప్పి చూసేది. తెల్లటి కొమ్ము బయటికొచ్చిన రోజు దాని సంతోషానికి అంతు లేదు. నేను చేనినుంచి వచ్చేసరికి ఆ పాఠం ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయలతో తాలింపు పడి నా పళ్లెంలో ఉంది.

"నానిన పెసర్లు ఖరాబైతయని ఒండిన," అంది మా అమ్మ.

రుచిగానే ఉంది. పాఠాలు పిల్లకు, పాట్లు నాకు అనుకుంటూ తిన్నాను.

ఇక మిగిలింది లెక్కలు. అప్పటికి నా ఉత్సాహం బాగా తీసివేతలో పడింది. వానల ముందు ధాన్యం దాచే గుమ్మిలోంచి జొన్నలు తీసి మానికతో కొలిచి పెట్టే పని ఎటూ మా అమ్మదే. అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని లెక్క పెట్టించమన్నాను. చేసే పనిలోనే గణితం వచ్చేస్తుంది, నాకు మధ్యాహ్నం కునుకూ దొరుకుతుంది. నా పద్ధతిలో ఇంతకన్నా గొప్ప పాఠం లేదనిపించింది. పది దాకా, ఇరవై దాకా, పిల్ల గొంతు గుమ్మి దగ్గర మోగుతుంటే హాయిగా నిద్రపోయాను. మొదటి అంకెను పిల్ల ఏమంటున్నదో మాత్రం వినలేదు. అప్పటికి కళ్లు మూతలు పడేవి.

వానలు పడ్డాయి. కొత్త లంగా కట్టి, నూనె రాసి జడవేసి, అమ్మాయిని సాహెబు ముందు నిలబెట్టాను. అది నా వేలు పట్టుకుని వదల్లేదు.

"తూర్పు ఎటుంది బిడ్డా?" అన్నాడు సాహెబు.

"బర్రెల కొట్టం దిక్కు."

"మా ఇంట్ల బర్రెల్లేవు. నాకు తూర్పు లేదా మరి?"

అది కాసేపు ఆలోచించి, నా వేలు వదిలి, బయటికి వెళ్లి పొద్దు ఎటున్నదో చూసొచ్చి, సరిగ్గా చూపించింది. సాహెబు తల ఊపాడు. బల్ల మీద చింతగింజలు పోసి లెక్కపెట్టమన్నాడు.

"లాభం, రెండు, మూడు..."

సాహెబు చెయ్యెత్తి ఆపాడు. "ఒకటి ఏది?"

"గిదే సార్, లాభం."

ధాన్యం కొలిచేటప్పుడు మా వైపు మొదటి మానికను ఒకటి అనరు, లాభం అంటారు. శుభమా అని కొలత అట్లా మొదలుపెడతారు. పుట్టినప్పటినుంచి వింటున్న మాటే. నా కూతురు దాన్నే అంకె అనుకుంటుందని నాకు తోచలేదు.

"ఏమయ్యా, ఇంట్ల బడి వెట్టిండ్రా, దుకాన్ వెట్టిండ్రా?" అన్నాడు సాహెబు నాతో.

రెండో జమాత్ పోయింది, ఇక ఈ పిల్ల చేను దారే పట్టాలి అనుకున్నాను. సాహెబు మళ్లీ దాని వైపు తిరిగాడు.

"మీ ఇంట్ల లాభం అంటరు, బడిల ఒకటి అంటరు. రెండిటికి ఫరక్ ఏంది?"

అది గింజలు చూసింది, నన్ను చూసింది, మళ్లీ గింజలు చూసింది.

"ఏం ఫరక్ లేదు సార్. మా గుమ్మికాడ లాభం అంటం. గీ గింజలు మీయి గద, ఒకటి అంట."

అని మొదటినుంచి మొదలుపెట్టి చివరి గింజ దాకా తప్పు లేకుండా లెక్కపెట్టింది. కూడమంటే కూడింది, తీసివేయమంటే తీసివేసింది. సాహెబు చాలాసేపు నవ్వాడు.

"రెండో జమాత్. రేపు పలక దీస్కొని రా బిడ్డా," అని నా వైపు చూశాడు. "మీరు జెప్పినంక గూడ గింత వచ్చిందంటె, పిల్ల మస్తు హోషార్."

ఇంటికొచ్చేసరికి కబురు ముందే చేరింది. మా అమ్మ ఇరుగుపొరుగు ఆడవాళ్లందరికీ అప్పటికే చెబుతున్నది. "లెక్క మొత్తం నేనే నేర్పిన. వాడా? వాడు ఎండాకాలమంత కోళ్లకు మేతేసిండు." దసరా దాకా ఇంటికొచ్చిన ప్రతి మనిషికీ ఈ మాట వినిపించింది. నేను సహించాను. నిజం కాబట్టి సహించడం మరీ కష్టమైంది.

ఆఖరికి ఒకరోజు అమ్మాయిని పిలిచాను. "బడిల విన్నది ఇంట్ల ఒకరికి జెప్తెనే మంచిగ యాదుంటది, బిడ్డా."

"నీకు జెప్పాల్నా?"

"నాకు పనుంది. నాయినమ్మ ఉంది గద. లెక్క ఆమెకు ఎట్లాగు వస్తది, అక్షరాలే రావు."

ఆ సాయంత్రంనుంచి మా అమ్మ ముందు పలక వెలిసింది.

"బలపం గట్లగాదు నాయినమ్మా, నెమ్మదిగ వట్టు."

"నడుము నొస్తున్నది, బిడ్డా."

"నొస్తె లేసి నిలవడి సదువు."

మా అమ్మ పలక మీదినుంచి తలెత్తి నా వైపు తిరిగింది.

"ఏంరా, గిది నీ పనేనా? రేపు నేను చేనుకు పోయేదుంది. ఒక్క దినం సెలవియ్యుమను."

నేను మంచం మీద వెల్లకిలా పడుకుని విసనకర్ర ఊపుకుంటూ అన్నాను.

"సెలవిచ్చే ఇఖ్తియార్ నాకు లేదమ్మా. పంతులమ్మను అడుగు."