కాదనే వదిన

పాత ప్యాంట్లకు కొత్త జిప్పులు వేయడంలో ఆమె పెట్టింది పేరు. అందుకే వీధి వీధంతా ఆమెను జిప్పులక్క అనేది. చెప్పుల కొట్టుకూ సెల్‌ఫోన్ల కొట్టుకూ మధ్య ఇరుక్కున్న గది ఆమె దుకాణం. ఒక కుట్టుమిషను, ఇస్త్రీ బల్ల, పొట్టి చేయమని ఇచ్చి మర్చిపోయిన వాళ్ళ ప్యాంట్లు, గోడకు ఎత్తున బిగించిన చిన్న టీవీ. భర్త పోయాక కూతుర్ని చదివించింది ఆ గదే. కూతురిప్పుడు మందుల షాపులో పనిచేస్తోంది.

సాయంత్రం సీరియల్ వేళకు మిషను ఆగేది. అప్పుడెవరైనా చిరిగిన కోటు పట్టుకుని పరుగున వచ్చినా, "యాడ్స్ వచ్చేదాకా అలా కూర్చో నాయనా, కోటెక్కడికీ పారిపోదు" అనేది.

ఆ సీరియల్లో ఇద్దరు కోడళ్ళు. పెద్దకోడలు నోట్లో నాలుక లేని మనిషి. చిన్నకోడలు మాటకు నాలుగు మాటలు అప్పజెప్పే రకం. అత్తగారు తలుపు తీస్తే గుమ్మంలో ఎవరున్నారో తెలియడానికి వారం పట్టేది. ఆ వారమంతా ఇంటిల్లిపాదీ ముఖాల మీద మెరుపులు మెరుస్తూ ఉండేవి. చిన్నకోడలు కడుపుతో ఉండి రెండేళ్ళు దాటినా నొప్పులు రాలేదు. ఇదంతా చెవిలో పువ్వు వ్యవహారమని జిప్పులక్కకు తెలియక కాదు. "మన ఇళ్ళల్లో మాత్రం ఏది తేలిందని ఇన్నేళ్ళలో?" అనేది.

కూతురే ఆమెను ఫోనులో ఆ సీరియల్ అభిమానుల గ్రూపులో చేర్పించింది. తెల్లారితే పూలబొమ్మల శుభోదయాలు, మధ్యాహ్నం ఎవరి చీర బాగుందని ఓట్లు, సాయంత్రం యుద్ధం. జిప్పులక్క పెద్దకోడలి పక్షం. టైపు చేయడం రాదు కాబట్టి మైకు నొక్కి మాట్లాడి పంపేది. ఆ గ్రూపులోనే చిలక బొమ్మ పెట్టుకున్న ఒకావిడ ఉండేది. అందరూ చిలకమ్మ అనేవారు. టెలిఫోన్ ఆఫీసులో ఆపరేటరుగా చేసి రిటైరైందట. గొంతు గంట కొట్టినట్టుండేది. ఆవిడ చిన్నకోడలి పక్షం. ఇద్దరూ ఉప్పూ నిప్పూ.

"నోరు మూసుకుని పడుండటం మంచితనమైతే, మా ఇంట్లో బీరువా అందరికంటే మంచిది" అని చిలకమ్మ.

"నోరుంటే చాలనుకుంటే, గడ్డివాముకు నిప్పు పెట్టిన వాడికీ చేతులున్నాయి" అని జిప్పులక్క.

ఒకరోజు గ్రూపులో ఒకాయన తన తండ్రి పోయాడని పెట్టాడు. జిప్పులక్క మనసు కలుక్కుమని, కళ్ళనీళ్ళు కారుతున్న ముఖం బొమ్మ ఎంచి వరసగా ఒక డజను పంపింది. అది పగలబడి నవ్వే బొమ్మ అని ఆమెకు తెలియదు. గ్రూపంతా ఒంటికాలి మీద లేచింది. సిగ్గులేదా అన్నారు, గ్రూపులోంచి తీసెయ్యండి అన్నారు. ఏమైందో అర్థంకాక ఆమె కత్తెర పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. అంతలో చిలకమ్మ గొంతు వినబడింది. "ఆవిడ కన్నీళ్ళు చూసింది, పళ్ళు చూడలేదు. చత్వారం వచ్చిన వాళ్ళను అడగండి, ఆ బొమ్మలో తేడా ఏముందో. పోయినాయన కోసం గ్రూపులో మనసారా ఏడ్చింది ఆవిడొక్కతే."

ఆ రాత్రి కూతురి చేత నంబరు వెతికించి, జిప్పులక్క విడిగా కృతజ్ఞత చెప్పుకుంది. "మీ మేలు మర్చిపోనండీ" అంటే, "మీరూ గీరూ అంటే దెబ్బలాటకు అడ్డం. వదిన అను. తిట్టుకోవడానికి ఆ వరసే సుఖం" అంది చిలకమ్మ.

అలా మొదలైంది. గ్రూపులో సగం తగువు, విడిగా సగం తగువు. వదిన తిట్టు వింటూ జిప్పులక్క కాజాలు కుట్టేది, సూది నోట్లో పెట్టుకునే జవాబిచ్చేది. ఇద్దరూ ఎప్పుడూ కలుసుకోలేదు. ఒకే ఊరని తెలిసినా ఆ అవసరం ఎవరికీ తోచలేదు.

కొన్నాళ్ళకు వదిన గొంతులో జీర వచ్చింది. జలుబంది. తరవాత పరీక్షలంది. ఒకనాడు చాలా మామూలుగా, "పొట్టలో గడ్డటే. ముదిరిందటే. మందెక్కిస్తున్నారు. ఎపిసోడ్ సగంలోనే కళ్ళు మూసుకుపోతున్నాయి. రోజూ కథ నువ్వు చెప్పు. ఇంట్లో అబ్బాయి చెబితే వార్తలు చదివినట్టుంటుంది" అంది.

జిప్పులక్క ఆ మాట మూడుసార్లు వింది. చేతిలోని ప్యాంటుకు జిప్పు తిరగేసి కుట్టింది, మళ్ళీ విప్పింది.

అప్పటినుంచి సీరియల్ అయిపోగానే మైకు నొక్కి కథంతా చెప్పేది. అత్తగారి కసురు, మామగారి దగ్గు, మధ్యలో మెరుపులు కూడా నోటితోనే వినిపించేది. కానీ తగువు మాత్రం మానేసింది. ఏం చెప్పినా చివర "నువ్వన్నదే నిజం వదినా, చిన్నకోడలిదే న్యాయం" అని ముగించేది. మంచంలో ఉన్న మనిషితో వాదనేమిటి అనుకుంది. అదే సమయంలో సీరియల్లో నగలు పోయాయి, నింద చిన్నకోడలి మీద పడింది, అత్తగారు ఆమెను పెట్టెతో సహా వీధిలోకి గెంటింది. వదినకది చెప్పడానికి జిప్పులక్కకు నోరు రాలేదు. "నగలు దేవుడి గదిలోనే దొరికాయి వదినా. అత్తగారు చిన్నకోడలి చేతులు పట్టుకుని ఏడ్చింది" అని చెప్పింది.

అబద్ధం రెండు రోజులు కూడా నిలవలేదు. చిన్నకోడలు పెట్టె పట్టుకుని వానలో నిలబడ్డ ఫొటోతో గ్రూపంతా జోకులే. వాటిని వదిన చూసింది.

ఆ మధ్యాహ్నం వచ్చిన గొంతు జిప్పులక్క ఎన్నడూ విననిది.

"ఏమే, నేనేం పసిపిల్లనా? ఇక్కడ అందరూ నేనేమంటే దానికి తలూపుతున్నారు. కూరలో ఉప్పు లేదంటే లేదంటారు, ఎక్కువైందంటే ఎక్కువైందంటారు. మా ఆయన నలభై ఏళ్ళు నాతో ప్రతిదానికీ పేచీ పెట్టినవాడు, ఇప్పుడు 'నీ ఇష్టం' అంటున్నాడు. నాతో దెబ్బలాడే మనిషివి నువ్వొక్కదానివే మిగిలావనుకున్నాను. నువ్వు కూడా తలూపితే, నేనిప్పుడే పోయినట్టు లెక్క."

దుకాణంలో ఎవరో ఇస్త్రీ బట్టల కోసం నిలబడ్డారు. జిప్పులక్క వాళ్ళకు వీపు తిప్పి, కొంగుతో మొహం తుడుచుకుని, మైకు నొక్కింది.

"సరే విను. నీ చిన్నకోడలికి బాగా శాస్తి అయింది. అంత నోరేసుకుని తిరిగితే దొంగతనమే కాదు, ఊళ్ళో కరెంటు పోయినా నిందపడుతుంది. మా పెద్దకోడలి మీద ఎవరైనా వేలెత్తగలరా?"

వెంటనే జవాబొచ్చింది. "మీ పెద్దకోడలే దాచిందే ఆ నగలు! మౌనంగా ఉండేవాళ్ళను నమ్మకూడదని నీకెన్నిసార్లు చెప్పాలి?" ఆ మాటల మధ్య దగ్గుంది. దగ్గు వెనక నవ్వుంది.

తగువు మళ్ళీ రాజుకుంది. ఒకసారి జిప్పులక్క "వచ్చి చూసి వెళ్ళనా వదినా?" అని అడిగింది. "వద్దు. చూస్తే నీకు జాలి పుడుతుంది. అప్పుడు నీ నోరు పనిచేయదు" అంది వదిన.

రానురాను జవాబులు చిన్నవయ్యాయి. ముందు ఒక వాక్యం, తరవాత ఒక "హు", ఆ తరవాత విన్నట్టు ఫోను చూపే నీలం గీతలు మాత్రమే. గీతలు చాలనుకుని జిప్పులక్క గట్టిగట్టిగా వాదించేది. పక్క కొట్టువాళ్ళు ఆమెకు ఎవరితోనో ఆస్తి తగాదా ఉందనుకున్నారు.

ఒక ఉదయం వదిన నంబరు నుంచే ఆవిడ కోడలు మెసేజ్ పెట్టింది. జిప్పులక్క కూతురు దాన్ని చదివి, ఫోను బల్ల మీద పెట్టి, తల్లి భుజం పట్టుకుంది.

అడ్రసు కనుక్కుని ఆమె వెళ్ళింది. ఎత్తు మెట్ల ఇల్లు, వాకిట్లో ఒక దొంతర చెప్పులు. లోపల గోడవారగా కుర్చీలో ఒక ముసలాయన. బల్లమీద ఫొటోలో చాలా సన్నటి మనిషి. అంత గొంతు ఇందులోనుంచే వచ్చిందా అనిపించింది. ఎవరని చెప్పుకోవాలో తెలియక గుమ్మం దగ్గరే ఆగి, "నేను... ఫోనులో మాట్లాడే..." అంది.

ముసలాయన తలెత్తాడు. "జిప్పులక్కవి కదమ్మా? నోరు తెరవగానే తెలిసింది. రోజూ సాయంత్రం నీ గొంతు ఈ ఇంట్లోనే ఉండేది. చివరి రోజుల్లో మాట పడిపోయింది. నువ్వు పెద్దకోడల్ని మెచ్చుకున్నప్పుడల్లా మంచం పట్టీ మీద వేళ్ళతో కొట్టేది. కోపం అట్లా తీర్చుకునేది."

జిప్పులక్క నేలమీద కూలబడింది. అంతదాకా ఆపుకున్నదంతా అక్కడ కట్ట తెంచుకుంది. "అన్నయ్యగారూ, నేను మరీ ఎక్కువ తిట్టానండీ" అంది వెక్కుతూ.

"లేదమ్మా. నేను మానేసిన పని నువ్వు చేశావు" అని ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచాడు.

గ్రూపులో నమస్కారం పెట్టే చేతుల బొమ్మలు వరదలా వచ్చాయి. ఆ వెంటనే ఒకావిడ, "ఇవాళ ఎపిసోడ్ ఉందా, క్రికెట్ మ్యాచా?" అని అడిగింది. మర్నాడు ఫోను తెరమీద చిన్న బూడిదరంగు అక్షరాల వరస ఒకటి కనబడింది. కూతుర్ని అడిగితే, "అడ్మిన్ చిలకమ్మగారిని గ్రూపులోంచి తీసేశాడమ్మా" అంది.

జిప్పులక్క అడ్మిన్‌కు ఫోన్ చేసింది.

"ఎందుకు తీశావు నాయనా?"

"పోయినవాళ్ళ నంబరు ఉంచితే ఎలా అక్కా?"

"ఉంటే నీకు బరువేమైనా మోయాలా? ఇల్లు కాదు, వాకిలి కాదు, ఒక చిలకబొమ్మ. ఉండనీ."

అడ్మిన్ చిలకబొమ్మను మళ్ళీ చేర్చాడు.

ఆ సాయంత్రం సీరియల్ అయ్యాక ఆమె అలవాటుగా మైకు నొక్కింది. పెద్దకోడలి ఓర్పు గురించి, చిన్నకోడలి పొగరు గురించి నాలుగు మాటలు అని గ్రూపులో పెట్టింది. పెట్టి, మిషను మీద మోచేతులాన్చి చూస్తూ కూర్చుంది. ఒకరి తరవాత ఒకరు బొటనవేలు బొమ్మలు పెట్టారు. అందరూ అవునన్నారు.