చుక్క రాలితే యెసిమ్‌ఖాన్ తాత వస్తాడు

ఆకాశంలో ఎక్కడ చుక్క రాలినా తెల్లారేసరికి యెసిమ్‌ఖాన్ తాత ఎవరో ఒకరి గుడారం ముందు ఉండేవాడు. గుర్రం దిగకుండానే "బతికే ఉన్నారా?" అని అడిగేవాడు. ఉన్నామంటే దిగేవాడు. లేమని చెప్పే వీలు ఎవరికీ ఉండదు కాబట్టి, వెళ్ళిన చోటల్లా దిగేవాడు.

మా కజఖుల్లో ప్రతి మనిషికీ పైన ఒక చుక్క ఉంటుంది. అది రాలిందంటే ఇక్కడ ఆ మనిషి పోయినట్టు. అందుకని రాలే చుక్క కంటబడగానే "నా చుక్క పైనే ఉంది" అని గబగబా అనేసుకుని ముసుగు తన్ని పడుకుంటాం. అందరికీ అంతటితో సరిపోయింది. తాతకి సరిపోలేదు. తనది పైనే ఉంది సరే, మరి రాలింది ఎవరిది? అది తేలేదాకా ఆయనకి ఇంట్లో టీ గొంతు దిగదు. తేల్చుకోవడానికి వచ్చి మన ఇంట్లో టీ తాగేవాడు.

మా ఆయన కుమిస్, అంటే పులియబెట్టిన గుర్రప్పాల పీపాలు పట్నానికి తోలే లారీ మీద ఉంటాడు. వేసవంతా మేత కొండ మీద నేనూ, పసిపిల్లలూ, గుర్రాల మందా. ఆడగుర్రం ఆవులాగా పొద్దునా సాయంత్రం ఇచ్చి ఊరుకునే రకం కాదు. పొద్దు పొడిచిన దగ్గర్నుంచి పొద్దు గుంకేదాకా మళ్ళీ మళ్ళీ పిండుతూనే ఉండాలి. పక్కన దాని పిల్లని నిలబెడితేగానీ పాలు చేపదు. ఆ పిల్లేమో ఒకచోట నిలబడదు. అలాంటి బతుకులో ఆకాశం ఏ రంగులో ఉందో చూడాలంటే ముందు తలెత్తే ఓపిక ఉండాలి. నాకు అది ఉండేది కాదు.

"అమ్మాయ్, బతికే ఉన్నావా?"

"లేను తాతా. పాలు పిండటానికి దయ్యమై వచ్చాను."

"వేళాకోళం కాదు. రాత్రి మీ పొగగూడు మీదుగా రాలింది. ఎంత తోకనుకున్నావు!"

"రాత్రంతా మబ్బే కదా?"

"మబ్బు వెనకాల రాలింది."

"మబ్బు వెనకాలది నీకెలా కనబడింది?"

"అడ్డదిడ్డం ప్రశ్నలు మాని ఆ పిల్ల తాడు ఇటు పారెయ్. నిన్ను ఈడ్చుకుపోయేట్టుంది అది."

తాడు పట్టుకుని, మంద మొత్తం పిండేదాకా, రాలినదాని రంగూ పొడుగూ వర్ణిస్తూ నిలబడేవాడు. ఒకసారి ఆకుపచ్చ. ఒకసారి ఎరుపు. ఒకసారి రెండు ముక్కలై, ముక్కలు మళ్ళీ కలుసుకుని మరీ రాలింది. నమ్మడానికీ కాదనడానికీ కూడా ఓపిక లేక నేను ఊఁ కొట్టేదాన్ని.

ఆగస్టులో చుక్కలు వానలా రాలే రోజులు కొన్ని ఉంటాయి. ఆ రోజుల్లో తాత పడే అవస్థ అంతా ఇంతా కాదు. ఈ గుడారం నుంచి ఆ గుడారానికి తిరిగి తిరిగి గుర్రం ఎముకల గూడయ్యేది. తాత మాత్రం ఇంటింటి టీ తాగి నిగనిగలాడేవాడు.

కొండ మలుపులో రౌషన్ ముసలమ్మ ఒంటరిగా ఉండేది. మా లోయలో తగువు పడటానికి మనుషులు అయిపోయి, పక్క లోయవాళ్ళతో మొదలుపెట్టిన మనిషి. ఆమె మీద చుక్కలు మరీ ఎక్కువగా రాలేవి.

"బతికే ఉన్నావా రౌషన్?"

"నీ నోట్లో మన్నుపడ! నిన్న కూడా నన్నే చంపావు కదా!"

"నిన్నటిది చిన్నది. ఇది పెద్దది."

"అంటే నిన్న కాస్త చచ్చి, ఇవాళ పూర్తిగా చచ్చానా?"

"చావలేదుగా. టీ పెట్టు."

తిడుతూనే పెట్టేది. ఆ గుడారంలోంచి మనిషి గొంతు వినబడేది తాత వెళ్ళిన రోజే.

ముకాష్ ఇంటి మీద మాత్రం ఒక్కటీ రాలేది కాదు. ముకాష్‌కి ఏడుగురు కొడుకులు, అంతకు మించిన కేకలు. "మా వైపు రావడానికి చుక్కలక్కూడా దడే" అని మీసం దువ్వుకునేవాడు. ఆ మీసానికి ఆ ఏడు దెబ్బ తగిలింది.

అతని చివరి కొడుకు ఆ వసంతంలోనే పెళ్ళి చేసుకున్నాడు. కొత్తకోడలు బల్జాన్‌ది ఎక్కడో మైదానాలకి అవతల ఊరు. పుట్టింటివాళ్ళు మొదటిసారి పిల్లని చూడవచ్చారు. కుమిస్ వడ్డించడానికి నన్నూ పిలిచారు. పెద్ద వియ్యంకుడి ముందు మా మర్యాద ప్రకారం గొర్రె తలకాయ పెట్టారు. ఆయన కత్తి అందుకున్నాడు. సరిగ్గా అప్పుడు తలుపు తెర లేచింది.

"బతికే ఉన్నారా? మీ ఇంటి మీద చుక్క రాలింది!" అన్నాడు తాత.

వియ్యంకుడి చేతిలో కత్తి గాల్లోనే ఆగిపోయింది. వియ్యపురాలు గుండె పట్టుకుంది. "శుభమా అని వస్తే చావుకబురా? ఇలాంటి ఇంటికా మా పిల్లనిచ్చింది?" అని గోల. ఏడుగురు కొడుకులూ ఒకేసారి సర్దిచెప్పబోయేసరికి అది కాస్తా యుద్ధంలా వినబడింది. బల్జాన్ ఒక్కతే తలగుడ్డ చాటున నవ్వింది. మా లోయకి వచ్చాక ఆ పిల్ల నవ్వగా చూడటం అదే మొదలు.

మర్నాడే ముకాష్ పెద్దల్ని కూర్చోబెట్టాడు. జిల్లా పట్నం నుంచి తాత కొడుకు కైరాత్‌ని రప్పించాడు. తీర్పు ఒక్కమాటలో తేలిపోయింది: ఇంకొక్కసారి చుక్క పేరు చెప్పి ఎవరింటికి వెళ్ళినా, కైరాత్ ఆ గుర్రాన్ని అమ్మేసి, తండ్రిని పట్నంలో తన అయిదో అంతస్తుకి తీసుకుపోవాలి. పుట్టిన దగ్గర్నుంచి ఏ వేసవీ కొండ దిగని మనిషి ఆయన. రొట్టె చేతపట్టుకుని, ఇక వెళ్ళనని ఒట్టేశాడు. రొట్టె పట్టి వేసిన ఒట్టు మాలో ఎవరూ తప్పరు. నా మాట కూడా అడిగారట. నేను కూర్చున్నచోటే నిద్రపోయాను.

ఆ తర్వాత హాయిగా పని చేసుకోవచ్చనుకున్నాను. రెండోనాడే గుర్రప్పిల్ల నన్ను నిజంగా ఈడ్చుకుపోయింది. మోకాళ్ళు దోక్కుపోయాయి, పాలు నేలపాలయ్యాయి. బాగానే ఉన్నానా అని అడగడానికి గుర్రాలు తప్ప ఎవరూ లేరు. వాటికి ఆ ధ్యాస లేదు.

ఒక సాయంత్రం, ఇంకా వెలుగు పూర్తిగా పోకముందే, చివరి విడత పాలు పిండుతున్నాను. కొండంతా తెల్లగా మెరిసింది. గుర్రాల నీడలు గడ్డి మీద గిర్రున తిరిగాయి. ఎంత అలసిపోయినా తలెత్తక తప్పలేదు. నిప్పుముద్ద ఒకటి ఆకాశం ఈ కొస నుంచి ఆ కొసకి పోతూ, రవ్వలు రాల్చుకుంటూ, తాత గుడారం ఉన్న వైపు దిగింది. కాసేపటికి కొండలు దద్దరిల్లాయి. "నా చుక్క పైనే ఉంది" అనుకుని, అలవాటు చొప్పున దారి వైపు చూశాను.

ఎవరూ రాలేదు. ఒట్టేశాడు కదా, రాడు. అది తెలిసీ చూశాను. అందరి సంగతీ అడిగే మనిషి ఆయన. ఆయన సంగతి అడిగేదెవరు?

పిల్లల్ని జీను ముందు కూర్చోబెట్టుకుని బయల్దేరాను. దారిలో ముకాష్ గుర్రం మీద అటే పోతూ కలిశాడు.

"ఎక్కడికి అన్నా?" అన్నాను.

"గుర్రం తప్పిపోయింది."

"ఎక్కింది గుర్రమే కదా?"

"ఇంకోటి."

మలుపులో రౌషన్ గాడిద మీద, చేతిలో జల్లెడతో కనబడింది. "యెసిమ్‌ఖాన్ అడిగాడు, ఇచ్చొస్తా" అంది.

"ఆయనకి జల్లెడెందుకు అవ్వా?"

"నోరుమూసుకుని నడు!"

తాత గుడారం బయట, నిప్పుముద్ద దిగిన వైపుకే ముఖం పెట్టుకుని, టీ తాగుతున్నాడు. రౌషన్ గాడిద దిగకుండానే "బతికే ఉన్నావా, దరిద్రుడా?" అని అరిచింది. అరిచి ఏడ్చేసింది.

"నేనెవరింటికీ రాలేదు!" అన్నాడు తాత కంగారుగా. "రొట్టె సాక్షి! నా మీదికి ఇంతమంది వస్తారేం?"

"అంత పెద్ద చుక్క రాలితే రామా తాతా?"

"ఏ చుక్క?"

ముకాష్ ఆకాశం వైపు చెయ్యి చూపించాడు.

"ఉరిమింది కదా, వానొస్తుందేమోనని జీను లోపల పెట్టాను. చుక్క ఎక్కడ?"

రౌషన్ గాడిద దిగి, ఆయన ముఖం ముందు చెయ్యి ఊపింది. "ఊపకు, గాలి తగుల్తోంది" అన్నాడు. ఇక దాచి లాభం లేదని చెప్పేశాడు. కళ్ళకి పొరలొచ్చి చాన్నాళ్ళయింది. గుర్రం చెవులు కనబడితే అదృష్టం. దారి గుర్రానికి తెలుసు.

"మరి మా పొగగూడు మీద రాలినవో?" అన్నాను.

"ఇంకేం చెప్పుకుని రమ్మంటావు? ఒంటరిగా మందంతా ఎలా పిండుతున్నావు, తాడు పట్టనా అంటే నీ పని నువ్వు చూసుకో అంటావు. రౌషన్ దగ్గరికి ఊరికే వెళ్తే కుక్కని వదుల్తుంది. చుక్క రాలిందంటే ఎంత గయ్యాళైనా టీ పెడుతుంది."

"ఆకుపచ్చవీ ఎర్రవీ అన్నావు?"

"ఎప్పుడూ తెల్లవంటే విసుగు రాదూ?"

"మా మీద ఎందుకు రాల్చావయ్యా?" అన్నాడు ముకాష్.

"నీ కోడలు వాగు దగ్గర రోజూ ఏడుస్తోంది. నాకు పోయినవి కళ్ళు, చెవులు కాదు. పలకరిద్దామని వచ్చాను. వాళ్ళమ్మే వచ్చిందని తెలిస్తే రాకపోదును." ఆగి, గొంతు తగ్గించాడు. "కైరాత్‌కి చెప్పకండి. కళ్ళు లేవని తెలిస్తే ఒట్టుతో పనిలేకుండానే దించేస్తాడు."

"చెప్తాను" అన్నాడు ముకాష్.

రౌషన్ జల్లెడ ఎత్తింది.

"ఆగవే! కళ్ళు బాగుచేయించి ఈ వేసవి లోపలే తెచ్చి దించమని చెప్తాను. తేకపోతే మా ఏడుగుర్నీ వెంటేసుకుని ఆ అయిదో అంతస్తు ఎక్కుతాను. ఒట్టు వేయించింది నేనే. నేనే తీసేస్తున్నాను."

ఏడుగురూ మెట్లెక్కి వస్తారని వినగానే కైరాత్ ఆలస్యం చేయలేదు.

గడ్డి పసుపెక్కుతున్న రోజుల్లో ఒక ఉదయం తాత మా గుడారం ముందు గుర్రం ఆపాడు. నన్ను చూసి ఉలిక్కిపడ్డాడు.

"ఇంత చిక్కిపోయావేమిటే?"

"ఇన్నాళ్ళూ లావుగా కనబడ్డానా?"

"గొంతు లావుగా ఉండేది." తల దించుకున్నాడు. "రాత్రంతా చూశాను. మబ్బు లేదు. ఒక్కటీ రాలలేదు."

"మరెందుకొచ్చావు?"

కళ్ళు లేనన్నాళ్ళూ నోటికొచ్చినన్ని చుక్కలు రాల్చిన మనిషి, కళ్ళొచ్చాక ఒక్క అబద్ధం దొరక్క దిక్కులు చూస్తున్నాడు. గుర్రం వెనక్కి తిప్పుతాడేమోనని నాకు భయమేసింది.

"ఒకటి రాలింది తాతా. నువ్వు రెప్ప వేసినప్పుడు."

"ఎటువైపు?"

"మా మీదే."

"పెద్దదా?"

"దిగు, చెప్తాను."

తాత దిగాడు.