గడ్డి మాడ్చింది మా వదినె కాదు

మా వదినె రుక్మిణమ్మ ఇక లేదని అన్న బిడ్డ కవిత ఫోన్ చేసినప్పుడు నేను వికారాబాద్ బస్టాండులో తాండూరు బస్సు కోసం నిలబడి ఉన్నాను. ముందురోజు సాయంత్రమే ఆమె పైపు పట్టుకొని పచ్చికకు నీళ్లు పెడుతుండగా చూసి వచ్చాను. బస్సు ఎక్కాను. దారిలో ఏ ఊరు దాటామో తెలియలేదు.

ఇంటి వాకిట్లో బండలు పరుచుకునే ఊరు మా తాండూరు. మా అన్నది కూడా బండల వ్యాపారమే. ఆ ఇంటికి మోమిన్‌పేట్ నుంచి కోడలిగా వచ్చిన వదినె, ఇంటి పక్కనే పెండ్లిళ్లకు కిరాయికిచ్చే మా ఫంక్షన్ హాలు ముందు పచ్చిక ఉండాలని పట్టుబట్టి తన చేతులతో పెంచింది. "పెండ్లికొచ్చిన ముసలోళ్లు చెప్పులిడిసి గడ్డి మీద కూసున్నంక వాళ్ల మొఖం సూడుండ్రి" అనేది. అలాగని మెత్తటి మనిషి కాదు. కెమెరా స్టాండు తెచ్చి పచ్చిక నడుమ పాతిన ఫోటోగ్రాఫర్‌తో, "ఓ సారూ, జర బండల మీదికి జరుగు. పెండ్లిపిల్ల యాడికి ఉరుకది, గడ్డి మాత్రం సస్తది" అన్నది. పెండ్లివారితో పాటు అతడూ నవ్వుతూ జరిగాడు.

సంతాప సభ ఆ పచ్చిక మీదే పెట్టాం. ఒక పెద్దమనిషి ఆమె ఓర్పును మెచ్చుకుంటూ, "ఎరువు ఎక్కువేసి ఒకసారి గడ్డంతా మాడగొట్టుకున్నది, మళ్లీ తానే బతికించుకున్నది" అన్నాడు. అందరూ తలలూపారు. నేనూ ఊపాను. ఆ మాటలో రెండో సగమే నిజం. మొదటి సగం సరిదిద్దడానికే ఇది రాస్తున్నాను.

అప్పుడు నేను ఎరువుల దుకాణం కొత్తగా తెరిచాను. ఎండాకాలం మొదలైంది, దగ్గర్లో పెండ్లి ఉంది, పచ్చిక వెలిసిపోయి కనిపించింది. వదినె అనంతగిరి గుడికి పోయిన రోజు, పెండ్లి నాటికి పచ్చబడాలని, దుకాణం నుంచి యూరియా తెచ్చి సాయంత్రం గడ్డి తడిపి చల్లాను. యాలాల్ దగ్గర మా వరి మడిలో చల్లినట్టే చల్లాను. మడిలో నిలిచిన నీళ్లుంటాయి, గుళికలు అందులో కరిగిపోతాయి. ఇక్కడ అవి తడి ఆకులకు అంటుకున్నాయి. పైన మళ్లీ నీళ్లు పట్టాలని నాకు తోచలేదు. ఎండ తగిలాక గడ్డి చారలు చారలుగా మాడిపోయింది.

అన్న మండిపడ్డాడు. "ఎవరేసిండ్రు గిది?" అన్నాడు.

వదినె గడ్డి వైపు చాలాసేపు చూసింది. "మొన్న నేనేసిన వేపపిండి ఎక్కువైనట్టుంది" అన్నది.

"ఇగ సాలు. వానలు పడెటాలకు పచ్చగ గాకపోతే బండలు పరిపిస్త. మళ్ల నాతోటి కొట్లాడకు."

"సరే. గప్పటిదాంక ఒక్క బండ గూడ గేటు దాటి రావద్దు."

ఆమె నిజంగానే పొరబడిందనుకున్నాను. నోరు మెదపలేదు. బండలు పడితే పోయేది ఆమె పచ్చికే అని తెలిసి కూడా మెదపలేదు.

పెండ్లిని హాలు లోపలికి మార్పించింది. పొద్దున్నే నేల లోతుకు తడి దిగేదాకా నీళ్లు వదిలేది, మిగిలిన ఎరువు వేళ్ల కిందికి కొట్టుకుపోవాలని. చచ్చిన ఆకును దంతెతో మెల్లగా దువ్వి తీసింది. మొదట అంతా తవ్వి మళ్లీ నాటుదామనుకుంది. ఒకచోట పీకి చూస్తే మొదలు తెల్లగా, గట్టిగా ఉంది. "బతికే ఉన్నది, నేనే తొందరపడ్డ" అని తవ్వడం ఆపింది. మొదళ్లు కుళ్లినచోట మాత్రమే అంచుల నుంచి గడ్డి తీగలు తెచ్చి నాటించింది. ఏ ఎరువూ వేయనీయలేదు. దుకాణం నుంచి ఏమైనా తేనా అని అడిగితే, "కడుపు కరాబైనోనికి బిర్యానీ పెడ్తవా?" అన్నది.

తీగల మీద జల్లెడ పట్టిన మట్టి చల్లే రోజు నన్ను పిలిచింది. "శ్రీనూ, నువ్వు సల్లు. నీ ఎడమచెయ్యి మంచి దూరం పోతది" అన్నది. మెచ్చుకున్నదని మురిసి చల్లాను.

వానలకు ముందే పచ్చిక కలిసిపోయింది. అన్న ఒక పొద్దున చెప్పులు విడిచి దాని మీద నడవడం చూశాను. బండల మాట మళ్లీ ఎత్తలేదు.

సంతాప సభ ముగిశాక కుర్చీలు ఎత్తిస్తున్న కవితతో, ఆ యూరియా నాదేనని చెప్పాను. ఆ పిల్ల ఆశ్చర్యపోలేదు.

"ఎరికే కాకా. మాడిన చారలన్నీ ఎడమ నుంచి తిరిగినయట. మనింట్ల ఎడమచేత్తో సల్లెటోడు ఇంకెవరున్నరు అన్నది అమ్మ."

"మరి వదినె అప్పుడే ఎందుకు చెప్పలే?"

"ఎరువులమ్మెటోడు సొంత గడ్డి మాడగొట్టిండంటే, ఏ రైతు ఆని దుకాణం ఎక్కుతడు అన్నది. గడ్డయితే తిప్పలవడి తెచ్చుకుంట అన్నది."

నా దుకాణం ఇవాళ్టికీ నడుస్తోంది. ఆ నిందను ఆమె చివరిదాకా మోసింది, దింపమని నన్ను ఒక్కసారి కూడా అడగలేదు. అటువంటి పెద్దదిక్కు మా ఇంటికి మళ్లీ రాదు. యూరియా కోసం వచ్చే రైతులకు ఇప్పుడు ఈ సంగతి నా నోటితోనే చెబుతున్నాను. కొందరు నవ్వుతారు, కొందరు పక్క దుకాణానికి పోతారు. సాయంత్రం దుకాణం మూసి, ఆమె విడిచిన పైపు పట్టుకొని పచ్చికకు నీళ్లు పెడుతున్నాను.