పుట్టింటికి స్వాగతం

విదేశాంగ శాఖలో నా ఉద్యోగం ముగియడానికి రెండేళ్ల ముందు, ఒక వేసవిలో, నన్ను తిరుపతికి లైజాన్ అధికారిగా పంపారు. విదేశీ అతిథి విమానం దిగింది మొదలు తిరిగి ఎక్కేదాకా వెంట ఉండి, కార్యక్రమం అనుకున్నట్టు నడిచేలా చూడడం లైజాన్ అధికారి పని. హోదాకి అండర్ సెక్రటరీని. నన్ను ఎంచుకోవడానికి కారణం హోదా కాదు, నాది తిరుపతి దగ్గరి పాకాల కావడం.

అతిథి ఒక చిన్న ద్వీపదేశపు విదేశాంగ మంత్రి. ఆ దేశం పేరు రాయను. ఆమె పూర్వీకులు మా వైపు నుంచి ఓడెక్కి, చెరకు తోటల్లో కూలికి పోయినవాళ్లు. ఒక అంతర్జాతీయ సంస్థ ఎన్నికలో ఆ దేశం ఓటు మనకు కావలసి ఉంది. సైన్యం, సొమ్ము వాడకుండా భక్తి, బంధుత్వం, సంస్కృతి వంటివాటితో మరో దేశం మనసు గెలుచుకోవడాన్ని మా పరిభాషలో సాఫ్ట్ పవర్ అంటారు. అందుకే కొండ మీద దర్శనం తర్వాత, పాకాల దగ్గరి పల్లెలో ఆమె బంధువుల ఇంటికి వెళ్లే ఏర్పాటు జరిగింది. ఆమె కార్యాలయం ఒకే షరతు పెట్టింది: ఇది సొంత పని, పత్రికలవాళ్లు ఉండకూడదు. ఆ షరతు మా శాఖ నుంచి జిల్లా అధికారులదాకా వెళ్లింది.

దర్శనం బాగా జరిగింది. కారులో ఆమె ఉల్లాసంగా ఉన్నారు. చిన్నప్పుడు అవ్వ నేర్పిన తెలుగు మాటలు నాలుగైదు చెప్పి, సరిగ్గా పలుకుతున్నానా అని అడిగారు.

పల్లె మొదట్లోనే డప్పులు వినిపించాయి. ఇరవై మంది దాకా కెమెరాలతో నిలబడి ఉన్నారు. ఆ బంధువుల ఇంటి ముందు రోడ్డుకు అడ్డంగా పెద్ద బ్యానరు. ఒక పక్క ఆమె ఫోటో, మరో పక్క మన జెండా. స్థానిక నాయకుడొకరు ఉత్సాహం కొద్దీ కట్టించారని తర్వాత తెలిసింది. బ్యానరు కిందకు వచ్చేసరికి జనం అడ్డుపడి కారు ఆగింది. ఏం రాశారని ఆమె నన్ను అడిగారు. "మన ఇంటి ఆడబిడ్డకు పుట్టింటి స్వాగతం" అని రాశారని ఇంగ్లీషులో చెప్పాను.

తలుపు మీద వేసిన చెయ్యి ఆమె వెనక్కి తీసుకున్నారు. ముఖంలో రక్తం లేదు. నలభై ఏళ్ల సర్వీసులో ఒక మంత్రి అలా భయపడడం నేను చూడలేదు.

"ప్రతి ఎన్నికలోనూ మా దేశంలో మమ్మల్ని ఒకటే మాట అంటారు" అన్నారామె. "మీ దేశానికి మీరు పొండి అని. ఆ మాటతోనే మా అన్న అంగడి తగలబెట్టారు. నేను ఆ దేశానికి మంత్రిని. ఇది నా ఇల్లని మీరు ఎలా రాస్తారు?"

దిగి, పోలీసు అధికారితో చెప్పి డప్పులు ఆపించాను, బ్యానరు దించించాను, కెమెరాలను రోడ్డు అవతలికి పంపించాను. మునెమ్మ హారతి పళ్లెంతో వాకిట్లోనే నిలబడి ఉంది. బంధువుల ఇంటి పెద్ద ఆమే. సంగతి చెబితే ఆమెకూ దిమ్మ తిరిగింది.

"మేమేం తప్పు సేసినాం నాయనా? బిడ్డ వస్తా ఉండాదంటే సంగటి సేసి పెట్టుకోనుండాం. ఆ గుడ్డలో ఏం రాసినారో నాకు యాడ తెలుసు?"

కారు అద్దంలోంచి మంత్రి ఆమెను చూస్తూనే ఉన్నారు. కాసేపటికి తనే దిగి లోపలికి వచ్చారు. కింద కూర్చుని సంగటి తిన్నారు. ఇద్దరి మధ్యా మాటలు నేను అనువదించాను, ఎక్కువ లేవు. బయలుదేరేటప్పుడు మునెమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, "ఈడికి మళ్లీ రావద్దులేమ్మా, నీకు సెరుపు" అంది. నేను అది అనువదించబోతే, అర్థమైందని మంత్రి తల ఊపారు.

గండం గడిచిందనుకున్నాను. రేణిగుంట విమానాశ్రయం చేరేలోపే ఆమె కార్యదర్శి ఫోను చూసి బిగుసుకుపోయాడు. బ్యానరు దించకముందే ఎవరో తీసిన ఫోటో, కారు అద్దం వెనక ఆమె ముఖంతో సహా, వాళ్ల దేశంలో ఒక వార్తా వెబ్‌సైటుకు ఎక్కింది. పైన శీర్షిక: "చివరికి ఇంటికి చేరింది." ఆమె చూసి ఫోను నాకిచ్చారు. విమానం ఎక్కేటప్పుడు మర్యాద ప్రకారం కరచాలనం చేశారు.

ఆ ఫోటో మీద రేగిన గొడవతో నెల తిరగకుండా ఆమె రాజీనామా చేశారు. ఆమె స్థానంలో వచ్చినవారి కుటుంబమూ చెరకు తోటల నుంచి వచ్చిందే. ఎన్నికలో ఆ దేశం మనకు వ్యతిరేకంగా ఓటు వేసింది. తనూ భారతదేశపు మనిషేనన్న పేరు అక్కడ రాకుండా ఉండాలంటే ఆయనకు వేరే దారి లేదు.

తమలో ఎవరో దూరదేశంలో మంత్రి అయ్యారంటే గర్వపడడం సహజం. కానీ దౌత్యంలో బంధుత్వాన్ని చాటే హక్కు అతిథిది, ఆతిథ్యం ఇచ్చేవారిది కాదు. ఇక్కడ ఆప్యాయతగా వినిపించే మాట అక్కడ నేరారోపణ కావచ్చు. ఆ తర్వాత ఉన్న రెండేళ్లూ ఏ స్వాగత వాక్యాన్నైనా అతిథి శత్రువు ఎలా చదువుతాడో ముందు చూసుకుని, ఆ తర్వాతే సంతకం పెట్టాను.