కాంతమ్మగారు వెనక్కి అడిగిన దేవుళ్ళు

తొలకరి చినుకులు పడగానే మార్కాపురం శివార్లలోని పలకరాతి పొట్టు గుట్టల మీంచి ఒక వాసన లేస్తుంది. తడిమట్టి వాసన కాదు. చల్లగా, కాస్త ఇనుము కలిసినట్టుగా ఉంటుంది. మొన్న గిద్దలూరు నుంచి వస్తూ కారు అద్దం దించితే ఆ వాసన లోపలికి వచ్చింది, దానితో పాటు కాంతమ్మగారూ వచ్చారు. డిగ్రీ అయ్యాక నేను మొదట చేరిన ఉద్యోగం ఆవిడ పలకల కార్ఖానాలోనే. పేరుకు యజమాని ఆవిడ భర్త రంగయ్యగారు. వచ్చినవాళ్ళకు కాఫీ ఇప్పించి కబుర్లు చెప్పడం ఆయన వంతు, పని చేయించడం ఆవిడ వంతు. కూలీల దగ్గర్నుంచి బేరగాళ్ళ దాకా అందరికీ ఆవిడ పెద్దమ్మ. మెచ్చుకోవడం మాత్రం ఆవిడ జాతకంలో లేదు. ఎప్పుడైనా నా పని చూసి "సరే" అన్నారంటే నాకు ఆ రోజు పండగే.

సరుకు లారీ ఎక్కేముందు ఆవిడ పెట్టెలను చేత్తో కుదిపి చూసేవారు. లోపల కాస్త గలగలమన్నా మూత తీయించి మళ్ళీ సర్దించేవారు. కొత్తలో నాకది చాదస్తంగా కనిపించేది. "పెట్టె గట్టిగానే ఉంది కదా పెద్దమ్మా, లారీ వాడు గొణుగుతున్నాడు" అన్నానొకసారి. "పెట్టె గట్టిగుంటే ఏంది లాభం? లారీ ఆగితే పెట్టె ఆగుతాది. లోపల పలక ఆగదమ్మాయ్, పోయి ఆ పెట్టెకే కొట్టుకుంటాది" అని ఇంకో గుప్పెడు గడ్డి కూరించారు. కారెక్కినా అదే వరస. బెల్టు భుజం మీదుగా, నడుము కింది ఎముకకు ఆనుకొని బిగువుగా ఉండాలి. చీర నలుగుతుందని నేను దాన్ని చంక కిందికి తోస్తే, చెయ్యి చాచి పైకి లాగేవారు. రంగయ్యగారు "ఇది కారా, జైలా" అని వేళాకోళమాడుతూనే పెట్టుకునేవారు.

బడిపిల్లల పలకలకు గిరాకీ తగ్గిపోయాక కార్ఖానాలో నేమ్ బోర్డులు, దేవుడి బొమ్మలు చెక్కించడం మొదలైంది. చెన్నకేశవస్వామి రూపం చెక్కిన అరచెయ్యంత పలకబిళ్ళ, దాని వెనక గట్టి గమ్ము పట్టీ. దసరాకు ఆయుధపూజ వేళ కార్లున్న ఖాతాదారులకు దాన్ని కానుకగా ఇవ్వాలన్న ఆలోచన కాంతమ్మగారిదే. కొన్నిటిని ఆవిడే పసుపు రాసి, స్వయంగా డాష్‌బోర్డు మీద అంటించి వచ్చారు. ముందు సీట్లో కూర్చునే ఇంటిపెద్దకు స్వామి ఎదురుగా కనిపించాలని ఎడమవైపునే అంటించేవారు. గిద్దలూరులో, దోర్నాలలో, పామూరులో ఏ షావుకారి కారులో తొంగిచూసినా మా స్వామే ఉండేవాడు. కాంతమ్మగారి సొంత కారులోనూ ఉన్నాడు.

ఒక మధ్యాహ్నం రంగయ్యగారు పామూరు నుంచి వస్తుండగా గేదె అడ్డం వచ్చింది. దాన్ని తప్పించబోయి డ్రైవరు కారును కల్వర్టు గోడకు కొట్టాడు. ఇద్దరికీ బెల్టులున్నాయి, డ్రైవరు గీతలతో బయటపడ్డాడు. రంగయ్యగారి ముందున్న డాష్‌బోర్డు మూత చీల్చుకొని ఎయిర్‌బ్యాగు తెరుచుకుంది. ఆ మూత మీద అంటించిన పలకబిళ్ళ ఎగిరి నేరుగా ఆయన ముఖానికి తగిలింది. కుడికన్ను పోయింది. ఆసుపత్రి మంచం మీద నుంచే ఆయన చూడవచ్చినవాళ్ళతో "కన్ను తీసుకొని ప్రాణం వదిలినాడు స్వామి" అని చెప్పడం మొదలుపెట్టారు. విన్నవాళ్ళు చెంపలు వేసుకున్నారు. నెల తిరక్కుండానే ఆ బిళ్ళ కోసం కార్ఖానాకు జనం రాసాగారు.

కాంతమ్మగారు కారు రిపేరు చేసే మేస్త్రీ దగ్గరికి వెళ్ళారు. వెంట నేనూ ఉన్నాను. ఆ గాలిసంచి ఎక్కడ దాగి ఉంటుందో, ఏ మూత కింద నుంచి వస్తుందో అడిగి తెలుసుకున్నారు. రెప్ప వేసేలోగా అది ఉబ్బుతుందని, దాని దారిలో ఏమున్నా మనిషి మీదికే విసురుతుందని, అది బెల్టు పెట్టుకున్న పెద్దవాళ్ళ కోసం చేసిందని అతను చెప్పాడు. ఆవిడ చీలిన మూత అంచు మీద వేలు పెట్టి చాలాసేపు నిలబడ్డారు. ఏడవలేదు. కార్ఖానాకు వచ్చి బిళ్ళలు చెక్కడం ఆపించారు. తర్వాత నాతో "రేపటి నుంచి పోయి అన్నీ వెనక్కి తెచ్చుకుందాం" అన్నారు.

ఇచ్చినంత తేలిక కాదు అడగడం. దేవుణ్ణి పీకితే అరిష్టమని గిద్దలూరు బట్టల షావుకారి భార్య ఏడుపు మొదలుపెట్టింది. "పీకొద్దు వదినా. దేవుణ్ణి ఇంట్లోకి పిలుచుకుందాం" అని కాంతమ్మగారే గోరువెచ్చని నీళ్ళతో గమ్ము నానబెట్టి, బిళ్ళను పళ్ళెంలో పెట్టి, వాళ్ళ పూజగదిలో దించి వచ్చారు. ఆ ఉపాయం చాలాచోట్ల పారింది.

దోర్నాల హోటలు యజమాని దగ్గర మాత్రం పారలేదు. మేం వెళ్ళేసరికి ఆయన మనవణ్ణి ఒళ్ళో పెట్టుకొని ముందు సీట్లో కూర్చుని ఉన్నాడు. శ్రీశైలంలో వాడికి పుట్టువెంట్రుకలు తీయించడానికి బయలుదేరుతున్నారు. పిల్లవాడు పలకబిళ్ళను తట్టి ఆడుకుంటున్నాడు. కాంతమ్మగారు కారు తలుపు పట్టుకున్నారు. "అన్నా, బిడ్డను ముందర పెట్టొద్దు. పసిబిడ్డల సీటని దొరుకుతాది, దాన్ని వెనకాల కట్టి అందులో కూర్చోబెట్టాల" అన్నారు. "నా చేతులకంటే సీటు గట్టిదా అమ్మా?" అని ఆయన నవ్వాడు. "కారు ఆగితే నీ చేతులు ఆపలేవన్నా. ఆ బిళ్ళ కింద ఉండే గాలిసంచి పేలితే నీకూ దానికీ మధ్యలో ఉండేది వీడే." ఆయనకు కోపం వచ్చింది. "దేవుడు కాపాడినాడని మీ ఆయనే నోరారా చెప్పినాడు. మొగుడిదొక మాట, పెళ్ళాందొక మాటనా?" అని కారు పోనిమ్మన్నాడు.

తిరిగొస్తూ మార్కాపురం దగ్గర పడ్డాక ఆవిడ, "మా ఆయనకు తెల్వక కాదమ్మాయ్, ఆ బిళ్ళ అంటించింది నేనని ఎవరూ నన్ను అనకూడదని అట్ల చెప్తాండాడు" అన్నారు. అంతవరకు నాకది తట్టనే లేదు. ఆయన మంచితనానికి నా కళ్ళు చెమ్మగిల్లాయి. ఆవిడ కళ్ళు పొడిగానే ఉన్నాయి. "ఆ బిడ్డ ఘాటు రోడ్డు దిగి క్షేమంగా వచ్చినాడని వినేదాకా నాకు అన్నం సయించదు" అన్నారు. వాళ్ళు క్షేమంగానే వచ్చారు. ఆ రోజు దారిలో ఏమీ జరగలేదు, అంతే.

వాళ్ళు తిరిగొచ్చారని తెలిసిన మర్నాడే పుల్లలచెరువు వైపు నుంచి ఒక రైతు కార్ఖానాకు వచ్చాడు. కొత్త కారు కొన్నాడట, బిళ్ళ కావాలన్నాడు. రంగయ్యగారు నల్లకళ్ళద్దాలు తీసి, అలవాటుగా, "కన్ను తీసుకొని..." అని మొదలుపెట్టారు. కాంతమ్మగారు గడ్డి దులుపుకుంటూ లోపలి నుంచి వచ్చారు. "కన్ను తీసింది స్వామి కాదు నాయనా, ఆ పలక. దాన్ని అక్కడ అంటించింది నేను" అన్నారు. ఉలుల చప్పుడు ఆగిపోయింది. పనివాళ్ళందరూ తలలెత్తారు. రంగయ్యగారు "ఎందుకే ఇప్పుడు..." అన్నారు మెల్లగా. "నీ మాట విని దోర్నాలాయన బిడ్డను ఆ బిళ్ళ ముందర కూర్చోబెట్టినాడు. నన్ను కాపాడింది చాలు" అన్నారావిడ.

రంగయ్యగారు నల్లకళ్ళద్దాలు పక్కన పెట్టారు. తర్వాత ఉన్న ఒక్క కన్నుతో ఆ రైతు వైపు చూసి, "ఔను అబ్బాయ్. ఆమె చెప్పిందే నిజం. నన్ను బతికించింది బెల్టు. బిళ్ళ నీకు ఇయ్యం" అన్నారు. రైతు వెళ్ళిపోయాడు. సాయంత్రం ఆయనే దోర్నాలకు బయలుదేరారు. హోటలాయన ఆయన్నేం అడిగాడో, ఆయనేం చెప్పారో తెలియదు. తిరిగొచ్చేసరికి బిళ్ళ ఆయన తువ్వాలులో చుట్టి ఉంది. అన్నీ మాత్రం దొరకలేదు. కొన్ని కార్లు చేతులు మారి ఎటో పోయాయి.

ఇప్పుడు వాళ్ళిద్దరూ లేరు. ఆవిడ దగ్గర నేను లెక్కలు నేర్చుకున్నాను, సరుకు కట్టించడం నేర్చుకున్నాను. అవి ఉద్యోగంతోనే పోయాయి. ఎదుటివాళ్ళ మనసు నొప్పించకుండా తీయటి మాట ఒకటి చెప్పి సర్దేద్దామనిపించినప్పుడు మాత్రం, ఆ మాట నమ్మి ఎవరు ఎక్కడ కూర్చుంటారోనన్న భయం నన్ను ఆపుతుంది. పోయిన నెల మా పాప పుట్టువెంట్రుకలకు శ్రీశైలం బయలుదేరాం. మనవరాలిని ఒళ్ళో పెట్టుకొని ముందు కూర్చోవాలని అత్తగారు ఎంతో ముచ్చటపడ్డారు. నేను వద్దన్నాను. ఎందుకు వద్దంటున్నానో ఉన్నదున్నట్టు చెప్పాను, పాపను వెనక దాని సీట్లో పెట్టి పట్టీలు బిగించాను. అత్తగారు దారి పొడుగునా నాతో మాట్లాడలేదు. నాకు బాధగానే ఉంది, కానీ సముదాయించలేదు.